సింహాచలం గిరిప్రదక్షిణ: సముద్రం దాకా అందరూ నడుస్తారు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: విశాఖ కూర్మన్నపాలెం నుంచి మొదటిసారి సింహాచలం అప్పన్న గిరిప్రదక్షిణకు, అంటే కొండ చుట్టూ కాలినడకకు వస్తున్నారు. మీకు 34 ఏళ్ళు, అమ్మగారికి 60. ఆవిడ షుగరు మాత్రలు వాడుతున్నారు. చెప్పుల్లేకుండా నడుస్తామని మొక్కుకున్నారు. ఎన్ని గంటలకు బయలుదేరాలి, ఏమేం పట్టుకెళ్ళాలి, సముద్రస్నానం తప్పదా, మధ్యలో ఆగిపోతే ఎలా అన్నవి మీ ప్రశ్నలు.

ముందు ఒక్క మాట. 32 కిలోమీటర్లనగానే అందరూ మోకాళ్ళ గురించీ, ఊపిరి గురించీ బెంగపడతారు. ఈ నడకలో మనిషిని కూలదోసేది అవి కాదు, అరికాళ్ళు. ఆ అరికాళ్ళు చెడేది కూడా ఒకే చోట, అప్పుఘర్ దగ్గర సముద్రపొడ్డున. నొప్పి బయటపడేది మాత్రం మాధవధార దాటాక, ఎన్‌ఏడీ కూడలి దగ్గర. అందుకే చాలామంది ఎన్‌ఏడీని తిట్టుకుంటారు. తప్పు జరిగింది మూడు నాలుగు గంటల ముందు, తడికాళ్ళకు ఇసుక అంటించుకుని అలాగే నడిచినప్పుడు.

తేదీ సంగతి. ప్రదక్షిణ ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు, చతుర్దశి నాడు మొదలై రాత్రంతా సాగుతుంది. పౌర్ణమి నాడు స్వామి దర్శనం, ఆ రోజే తుది విడత చందన సమర్పణ. 2024లో నడక జులై 20న, 2025లో జులై 9న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం ఉండడంతో పౌర్ణమి జులై 29కి జరిగింది, అంటే నడక 28న. దీన్ని బట్టి మీరు గుర్తుపెట్టుకోవలసింది ఒకటే: ఎప్పుడొచ్చినా అది జులై ఉక్కపోతే. ఎండ 33 డిగ్రీలే ఉన్నా గాలిలో తడి వల్ల చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. మధ్యలో ఒక జల్లు తప్పకుండా పడుతుందనుకునే బయలుదేరండి.

తోవ ఇలా ఉంటుంది. కొండ దిగువన తొలిపావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయలుదేరతారు. పాత అడవివరం, కొత్త అడవివరం, పైనాపిల్ కాలనీ, సెంట్రల్ జైలు, ముడసర్లోవ మీదుగా హనుమంతవాక. అక్కడ హైవే దాటి విశాలాక్షినగర్, జోడుగుళ్ళపాలెం, అప్పుఘర్. మళ్ళీ ఊళ్ళోకి తిరిగి ఎంవీపీ డబుల్ రోడ్డు, వెంకోజిపాలెం, ఇసుకతోట, హెచ్‌బీ కాలనీ, కైలాసపురం, మాధవధార, మురళీనగర్, ఎన్‌ఏడీ. తర్వాత గోపాలపట్నం, ప్రహ్లాదపురం, గోశాల మీదుగా తిరిగి తొలిపావంచా. కొండ ఎప్పుడూ మీ కుడిచేతి వైపే ఉండాలి. దారిలో అనుమానం వస్తే ఇదే గుర్తు. ఎడమకు వచ్చిందంటే ఎక్కడో తప్పారన్నమాట. అంత జనంలో తోవ తప్పడం దాదాపు జరగదు గానీ, అర్ధరాత్రి దాటాక నిద్రమత్తులో మురళీనగర్ సందుల్లో జనం పలచబడ్డప్పుడు జరుగుతుంది.

బయలుదేరే వేళ మీద ఎవరి మాట వాళ్ళది. మధ్యాహ్నం పూట పూలరథం కదిలాక దాని వెంట నడవాలని చాలామందికి ఉంటుంది. చూడ్డానికి కన్నుల పండుగే. కానీ ఆ వేళ తొలిపావంచా దగ్గర ఊపిరాడదు, మొదటి రెండు కిలోమీటర్లకే గంట పడుతుంది. జనంలో అడుగులో అడుగు వేస్తూ నిలబడి నడవడం మామూలు నడక కంటే పిక్కలను ఎక్కువ పీకుతుంది. తెల్లవారుజామున మూడు నాలుగింటికి మొదలుపెట్టేవాళ్ళూ ఉంటారు. వాళ్ళకు రద్దీ తక్కువ, సముద్రం దగ్గరకు వెలుతురులోనే చేరతారు. కానీ ముడసర్లోవ నుంచి ఎండ ముఖం మీదే కొడుతుంది, రెండో సగమంతా తారురోడ్డు కాలుతున్న వేళ పడుతుంది. చెప్పులు వేసుకునేవాళ్ళకు అది నడుస్తుంది. ఉత్తికాళ్ళతో, అమ్మగారితో అది కుదరని పని. ఉదయం పది దాటాక హైవే తారు మీద ఉత్తికాళ్ళతో అడుగు పెడితే పొక్కు లేవడానికి పెద్దసేపు పట్టదు.

మీకు సరిపోయేది సాయంత్రం ఐదు గంటలు. తారు వేడి దిగుతుంది. అడవివరం నుంచి తూర్పుకు నడుస్తారు కాబట్టి పొద్దు వీపు మీద ఉంటుంది. మబ్బు లేకపోతే చతుర్దశి చంద్రుడు ఎదురుగా లేస్తాడు. కిలోమీటరుకు 18 నిమిషాలు లెక్కేసుకోండి. ఖాళీ రోడ్డు మీద 15 నిమిషాలకే నడవగలరు, కానీ ఇది ఖాళీ రోడ్డు కాదు. ఆ లెక్కన హనుమంతవాక ఎనిమిదిన్నర, సముద్రం తొమ్మిదిన్నర, ఇసుకతోట పదకొండుంపావు, మాధవధార ఒంటిగంట, ఎన్‌ఏడీ ఒంటిగంటన్నర దాటాక, గోపాలపట్నం మూడు, తొలిపావంచా నాలుగున్నర. ఇందులో ఆగే సమయం కూడా కలిసే ఉంది. అరగంట అటూ ఇటూ అయితే కంగారు లేదు. ఇసుకతోటకే అర్ధరాత్రి దాటిందంటే మాత్రం ఏదో తేడా ఉంది, అక్కడ కూర్చుని అమ్మగారి కాళ్ళు చూడండి.

ఇక కాళ్ళ సంగతి, దీనిమీద కాస్త ఎక్కువే చెప్పాలి.

షుగరు ఉన్నవాళ్ళకు అరికాలి స్పర్శ తగ్గి ఉండవచ్చు. గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు, పొక్కు పగిలినా తెలియదు. అమ్మగారు కళ్ళు మూసుకుని ఉండగా మీరు దూదితో ఆవిడ కాలివేళ్ళను తాకి, ఏ వేలో చెప్పమనండి. రెండు వేళ్ళు చెప్పలేకపోయినా, ఎప్పుడైనా కాలికి మానని పుండు పడి ఉన్నా, ఉత్తికాళ్ళ మొక్కు ఆవిడకు వద్దు. మీరు నడవండి, ఆవిడ చెప్పులు వేసుకుంటారు. మొక్కు మార్చుకోవడం గురించి ఇంటి పురోహితుణ్ణి అడిగితే దారి చూపిస్తారు. కాలి పుండు అంత సులువుగా దారికి రాదు. స్పర్శ బాగానే ఉంటే తొలిపావంచా నుంచి హనుమంతవాక దాకా ఉత్తికాళ్ళతో నడిచి, అక్కడి నుంచి చెప్పులు వేసుకోవడం మంచి మధ్యేమార్గం. చాలామంది పెద్దవాళ్ళు ఇలాగే చేస్తారు.

ఉత్తికాళ్ళతో నడిచే అలవాటు లేనివాళ్ళ అరికాలి తోలు నెల రోజుల్లో గట్టిపడదు, కొంత తయారవుతుంది. రోజూ సాయంత్రం ఇరవై నిమిషాలు సిమెంటు మేడ మీదో, వీధిలోనో నడవండి. కాలికి నూనె రాసి మెత్తబరచడం ఆ నెల ఆపేయండి. పగుళ్ళుంటే మాత్రం రాత్రిళ్ళు ఆముదం రాసి ముందే మాన్పించుకోవాలి. మడమ పగులు పదో కిలోమీటరు దగ్గర విచ్చుకుని నెత్తురు కారుతుంది. గోళ్ళు మూడు రోజుల ముందే తిన్నగా కత్తిరించండి. ముందు రోజు కత్తిరిస్తే మూలలు పచ్చిగా ఉండి చివుక్కుమంటాయి.

చెప్పులో, బూట్లో వేసుకునేవాళ్ళు కొత్తవి కొనకండి. రెండు మూడు నెలలుగా వాడుతున్నవి, వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉన్నవి కావాలి. నడుస్తూ ఉంటే పాదం ఉబ్బుతుంది, రాత్రి పన్నెండింటికి మీ పాదం సాయంత్రం ఐదింటి పాదం కాదు. హనుమంతవాక దాటాక తోవ సముద్రం వైపు దిగుతుంది. ఆ దిగుడులో వేళ్ళు బూటు ముందుభాగానికి కొట్టుకుని గోరు నల్లబడుతుంది. అక్కడ లేసు ఒకసారి విప్పి, చీలమండ దగ్గర బిగించి, వేళ్ళ దగ్గర వదులుగా కట్టుకుంటే ఆ బాధ తప్పుతుంది. రబ్బరు హవాయి చెప్పులు 32 కిలోమీటర్లకు పనికిరావు. వేళ్ళ మధ్య పట్టీ కోస్తుంది, చెప్పు జారకుండా వేళ్ళు ముడుచుకునే ఉంటాయి కాబట్టి పిక్క పట్టేస్తుంది. వెనక పట్టీ ఉన్న శాండల్ మేలు.

పొక్కు ఎలా లేస్తుందో తెలిస్తే ఆపడం సులువు. తడిసి మెత్తబడ్డ తోలు ఒకవైపు, లోపలి ఎముక ఒకవైపు లాగుతాయి. తోలు పొరలు విడిపోయి మధ్యలో నీరు చేరుతుంది. పొక్కు లేచే ముందు అక్కడ చురుకు పుడుతుంది. పది నిమిషాల్లో అది మంట అవుతుంది. చురుకు అనిపించిన ఆ పది నిమిషాల్లోనే ఆగి, కాలు తుడిచి, ఆరబెట్టి, ముడతల్లేకుండా మందుషాపు ప్లాస్టరు అంటించాలి. 'వచ్చే జంక్షన్ దగ్గర చూసుకుందాం' అనేవాళ్ళే పొక్కులతో ఇంటికెళ్తారు. లేచిన పొక్కు చిన్నదైతే చిదమకండి. పెద్దదై అడుగు వేయనివ్వకపోతే, స్పిరిట్‌తో తుడిచిన సూదితో అంచున గుచ్చి నీరు తీసి, పైతోలు అలాగే ఉంచి కట్టు కట్టండి. షుగరు ఉన్నవాళ్ళకు ఇది కూడా చేయకండి, శిబిరంలో వైద్యసిబ్బందికి చూపించండి.

ఇప్పుడు సముద్రం. స్నానం చేస్తే మంచిదని అందరూ దిగుతారు, కానీ దిగకపోతే ప్రదక్షిణ చెడిపోదు. నాలుగు చుక్కలు తలమీద చల్లుకుని కొండవైపు తిరిగి దణ్ణం పెట్టుకుంటే చాలనుకునేవాళ్ళు బోలెడంతమంది. మీరు చేరేది రాత్రి తొమ్మిదిన్నరకు. అది పౌర్ణమి ముందు రాత్రి, అందుకే పోటు ఎక్కువ. నైరుతి రుతుపవనాల కాలం కాబట్టి కెరటమూ పెద్దదే. విశాఖ తీరంలో ఒడ్డు నాలుగడుగులు వేస్తేనే లోతవుతుంది. వెనక్కి పోయే నీరు కాళ్ళ కింద ఇసుకను తోడేస్తుంది. చీకట్లో అదేదీ కనిపించదు. దిగాల్సిందేనంటే, కంచె కట్టిన చోట, గజఈతగాళ్ళు నిలబడ్డ చోట, మోకాలు దాటకుండా, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఒక్కసారి వంగి లేచి వచ్చేయండి. సముద్రానికి వీపు తిప్పి ఫొటో దిగకండి.

బయటికి వచ్చాక చేసే పనే మిగతా 18 కిలోమీటర్లను నిర్ణయిస్తుంది. ఇసుక దాటి గట్టినేల మీదకు వచ్చాక, సీసాలో మిగిల్చుకున్న మంచినీళ్ళతో పాదాలు కడగండి. అర లీటరు చాలు, అది తాగే నీళ్ళు కాకుండా వేరుగా ఉంచండి. పొడి తువ్వాలుతో వేళ్ళ సందులు ఒక్కొక్కటిగా తుడవండి. ఐదు నిమిషాలు గాలికి ఆరనివ్వండి. తర్వాతే సాక్సులు, పొడివి. తడి పంచె, తడి చీర మార్చుకోకుండా నడిస్తే ఉప్పు ఆరి గరుకై తొడలు ఒరుసుకుపోతాయి. కిలోమీటరు నడిచేసరికే మంట మొదలవుతుంది. బట్టలు మార్చుకోవడానికి తాత్కాలిక గదులున్నా వరుస చాలా ఉంటుంది, ఆడవాళ్ళకు మరీను. అందుకే అమ్మగారు పూర్తిగా తడవకపోవడమే మంచిది. తొడల సందులో, చంకల కింద బయలుదేరే ముందే వాజిలైన్ రాసుకుని, ఇక్కడ మరోసారి రాసుకోవాలి. ఇక్కడ మొత్తం నలభై నిమిషాలు కేటాయించండి, అది వృథా కాదు.

తిండీ నీళ్ళ విషయంలో ఈ తోవలో ఎవరూ పస్తుండరు. అడుగడుగునా పులిహోర, మజ్జిగ, పళ్ళు, బిస్కెట్లు, నీళ్ళ పొట్లాలు పంచుతుంటారు. ఇబ్బందల్లా ఇచ్చిందల్లా పుచ్చుకోవడం వల్ల వస్తుంది. రెండు ఆకుల పులిహోర తిని నడిస్తే కడుపు బరువెక్కి వికారం పుడుతుంది. ప్రతిచోటా పిడికెడు, అంతే. పులిహోరలో చింతపండు, నూనె ఉంటాయి కాబట్టి రాత్రి దాకా నిలుస్తుంది. దద్దోజనం అలా కాదు. పొద్దున్న కలిపి మూత పెట్టింది ఈ ఉక్కలో సాయంత్రానికే పులుస్తుంది. పులుపు వాసన తగిలితే కళ్ళకద్దుకుని పక్కన పెట్టేయండి.

నీళ్ళు గంటకు అర లీటరు చొప్పున గుక్కగుక్కగా తాగాలి. దాహం లేకపోయినా తాగాలి గానీ, ఒకేసారి లీటరు పట్టించకూడదు. చెమటలో ఉప్పు పోతుంటే వట్టి నీళ్ళు మాత్రమే పోస్తూ పోతే తల తిరగడం, వాంతి, వేళ్ళు ఉబ్బడం మొదలవుతాయి. ఎండదెబ్బేమో అనుకుని ఇంకా నీళ్ళు పట్టిస్తారు, అది ఇంకా చెడుతుంది. మూడో గంట నుంచి ప్రతి రెండో అర లీటరులో ఓఆర్‌ఎస్ ఉండాలి. పెద్ద పొట్లం లీటరుకు, చిన్న పొట్లం 200 మిల్లీలీటర్లకు. పొట్లం మీద చూసి కలపండి, చిక్కగా కలిపితే విరేచనం పట్టుకుంటుంది. పొట్లం లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కూడా బాగా పనిచేస్తుంది.

అమ్మగారి మాత్రల విషయం వారం ముందే డాక్టరు దగ్గర తేల్చుకోండి. పదకొండు గంటల నడకకు ఒంట్లో చక్కెర బాగా ఖర్చవుతుంది. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళకు అర్ధరాత్రి చక్కెర పడిపోయే ప్రమాదం ఉంది. ఆ రోజు మోతాదు ఎంతన్నది ఆయనే చెప్పాలి. మీరు చేయాల్సింది, గంటకోసారి అమ్మగారితో మాట్లాడుతూ ఉండడం. చెమటలు చల్లగా పట్టడం, చేతులు వణకడం, ఊరికే విసుక్కోవడం, మాట తడబడడం కనిపిస్తే కూర్చోబెట్టి మూడు నాలుగు చెంచాల పంచదారో, గ్లూకోజో నీళ్ళలో కలిపి పట్టండి. పావుగంటలో తేరుకుంటే ఒక అరటిపండు, బిస్కెట్లు పెట్టండి. ఆ తర్వాత నడక ఆ రోజుకు ఆపేయడమే. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్ర వాడుతుంటే దాని గురించీ అడగండి. ఇంకొకటి: నొప్పి బిళ్ళలు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి నీరు తగ్గిన ఒంట్లో మూత్రపిండాల మీద దెబ్బ కొడతాయి. మరీ అవసరమైతే పారాసెటమాల్, అంతకు మించి వద్దు.

సంచి బరువు మూడు కిలోలు దాటకూడదు. లీటరు సీసా, కాళ్ళు కడగడానికి అర లీటరు, ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు, పల్లీచిక్కీ, ఖర్జూరాలు, పంచదార పొట్లం, ప్లాస్టరు చుట్ట, చిన్న కత్తెర, వాజిలైన్, పొడి సాక్సులు రెండు జతలు, పల్చటి తువ్వాలు, మార్చుకునే జత, చిన్న టార్చి, ఫోను పెట్టుకునే ప్లాస్టిక్ కవరు. గొడుగు తేకండి, జనంలో ఎదుటివాళ్ళ కంట్లో పొడుస్తుంది. పల్చటి రెయిన్‌కోటు చాలు. కొబ్బరికాయలు రెండు కావాలి, వెళ్ళేటప్పుడు ఒకటి, తిరిగొచ్చాక ఒకటి. అవి అక్కడే దొరుకుతాయి, వాటిని మోయకండి. బంగారం ఇంట్లో పెట్టి రండి.

ఉత్తికాళ్ళవాళ్ళకు మొదటి ప్రమాదం తొలిపావంచాలోనే ఉంది. లక్షల కాయలు కొట్టే చోట చిప్ప ముక్కలు కత్తుల్లా పడి ఉంటాయి, నేలంతా కొబ్బరినీళ్ళ జారుడు. కాయ కొట్టగానే వెనక్కి తిరగకండి, పక్కకు జరుగుతూ బయటపడండి. తర్వాత తోవంతా నీళ్ళ పొట్లాలు, అరటితొక్కలు, ఆకుదొన్నెలు. చూపు ఎప్పుడూ మూడడుగుల ముందు నేలమీద ఉండాలి. రోడ్డు అంచున నడిచే అలవాటు మానండి. తారురోడ్డు మధ్య ఎత్తు, అంచు పల్లం. ఎప్పుడూ ఒకే అంచున నడిస్తే ఒక కాలు దిగువన పడుతూ మోకాలి బయటివైపు నొప్పి పట్టుకుంటుంది. వీలైన చోట మధ్యలో, లేకపోతే గంటకోసారి అంచు మార్చి నడవండి.

అడవివరం నుంచి ముడసర్లోవ దాకా తోవ హాయిగా ఉంటుంది. కొండగాలి, చెట్లు, మొదటి ఉత్సాహం. అదే ఉచ్చు కూడా. గోవిందలు కొడుతూ కుర్రాళ్ళు పరుగులాంటి నడక నడుస్తారు, వాళ్ళతో కలిసి మనమూ లాగించేస్తాం. మొదటి పది కిలోమీటర్లలో పక్కవాళ్ళతో ఆయాసం లేకుండా మాట్లాడగలిగే వేగమే సరైన వేగం. ఆ తోవలో దుకాణాలు పలచబడతాయి కాబట్టి మూత్రవిసర్జన పని అడవివరంలోనే చూసుకోండి, మళ్ళీ హనుమంతవాక దగ్గర. ఆడవాళ్ళు ఈ భయంతో నీళ్ళు తాగడం మానేస్తారు. కళ్ళు తిరిగి పడేవాళ్ళలో చాలామంది అందుకే పడతారు. అమ్మగారికి ముందే చెప్పండి, నీళ్ళు మానకూడదని.

ఆపేయాలనుకుంటే ఎక్కడ ఆపాలో ముందే తెలిసి ఉండాలి. హనుమంతవాక, వెంకోజిపాలెం-ఇసుకతోట, ఎన్‌ఏడీ. ఈ మూడూ హైవే కూడళ్ళు. హనుమంతవాకలో విమ్స్ ఆసుపత్రి పక్కనే. ఆ రాత్రి నడకతోవ మీద బండ్లను దారి మళ్ళిస్తారు కాబట్టి ఆటో కావాలంటే ఒక వీధి పక్కకు నడవాల్సి ఉంటుంది. ఒంటిమీద చెమట ఆగినా ఆగకపోయినా, ఒళ్ళు కాలుతూ, మాట అర్థం లేకుండా వస్తుంటే మాత్రం ఆటో గురించి ఆలోచించకండి. నీడన పడుకోబెట్టి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడుస్తూ గాలి విసరుతూ, 108కి ఫోన్ చేయండి. ఫోను అందకపోవడం ఆ రాత్రి మామూలే, దగ్గర్లో ఉన్న పోలీసుకు చెప్పడమే వేగం. ఇద్దరూ విడిపోతే ఎక్కడ కలవాలో ప్రతి మజిలీకీ ముందే అనుకోండి. 'ఎన్‌ఏడీ దగ్గర' అంటే చాలదు, ఏ పక్కన, దేని ఎదురుగా అన్నది కూడా చెప్పుకోవాలి. అమ్మగారి కొంగుకు మీ నంబరు రాసిన కాగితం పిన్నుతో గుచ్చండి.

మధ్యలో ఆగితే దోషమా అన్నారు. నడవలేనివాళ్ళు పౌర్ణమి నాడు కొండమీద ఆలయం చుట్టూ ప్రదక్షిణలు చేసుకునే పద్ధతి ఉండనే ఉంది. దానికి తక్కువ పేరేమీ లేదు. మాధవధార దగ్గర మాత్రం ఒక ఆశ పుడుతుంది. అక్కడి నుంచి కొండ మీదుగా సింహాచలానికి పాత మెట్లదారి ఉంది, 'ఇలా ఎక్కేస్తే అయిపోతుంది కదా' అని ఎవరో ఒకరు అంటారు. అర్ధరాత్రి, చీకట్లో, అలసిన కాళ్ళతో అది వద్దు. పైగా కొండను చుట్టడం అక్కడితో తెగిపోతుంది. అక్కడ ఆపితే ఇంటికి వెళ్ళండి, కొండెక్కకండి.

కైలాసపురం దగ్గర ఎగుడుదిగుడు కొంచెం ఉంటుంది, అప్పటికి అర్ధరాత్రి. పిక్క పట్టేస్తే నిలబడి గోడకు చేతులానించి, పట్టిన కాలు వెనక్కి చాచి, మడమ నేలకు ఆనించి ముప్పై లెక్కపెట్టండి. రుద్దితే తగ్గదు, సాగదీస్తే తగ్గుతుంది. తర్వాత ఉప్పు కలిసిన నీళ్ళు. ఎన్‌ఏడీ దగ్గర అరగంట కంటే ఎక్కువ కూర్చోకండి. గోడకు కాళ్ళు ఎత్తిపెట్టి పది నిమిషాలు పడుకుంటే పాదాల ఉబ్బు దిగుతుంది. కానీ నిద్రపోయారా, లేచాక కీళ్ళు బిగుసుకుపోయి మొదటి అరకిలోమీటరు నరకం. గోపాలపట్నం బంకు దగ్గర కుడికి తిరిగాక దాదాపు తిన్నటి రోడ్డే. ప్రహ్లాదపురం వచ్చేసరికి అందరూ అడుగులు వేగం చేస్తారు. మీరు చేయకండి, బెణుకులు ఎక్కువగా ఇక్కడే పడతాయి.

తొలిపావంచా చేరి రెండో కాయ కొట్టాక దర్శనం ఉంది కదా. వెయ్యికి పైగా మెట్లు అప్పుడు కాళ్ళతో ఎక్కాలన్న నియమం ఏమీ లేదు. దేవస్థానం బస్సులో పైకి వెళ్ళండి, దిగేటప్పుడు కూడా బస్సే. అలసిన మోకాలికి దిగుడు మెట్లే ఎక్కువ చేటు. పౌర్ణమి నాడు వరుస పొడుగ్గా ఉంటుంది, అమ్మగారు అప్పటికే అలసి ఉంటే పైకి పరుగెత్తకుండా మర్నాడో, వారం తర్వాతో ప్రశాంతంగా చూసుకోవచ్చు.

ముందు నెల సాధన ఒకటి మిగిలింది. వారంలో నాలుగు రోజులు నలభై నిమిషాలు, ఆదివారం నాడు పొడుగు నడక. 8, 12, 16, 20 కిలోమీటర్లు, నాలుగు వారాలు. బీచ్‌రోడ్డు పొద్దున్నపూట బాగుంటుంది, కానీ ఒక్క ఆదివారమైనా రాత్రి నడవండి. నిద్రవేళ నడక వేరే రకం, కడుపు ఎలా ఉంటుందో కూడా అప్పుడే తెలుస్తుంది. అమ్మగారు 16 హాయిగా నడిస్తే 32 నెమ్మదిగా నడవగలరు. 12 దగ్గరే ఆగిపోతే ఈ ఏడు హనుమంతవాక దాకా చాలు. చివరి వారం పొడుగు నడక వద్దు. చతుర్దశి మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని లేచి బయలుదేరండి.

ఇంటికి మాత్రం మీరు బండి నడపకండి. రాత్రంతా నిద్రలేని కళ్ళతో ఎన్‌ఏడీ నుంచి గాజువాక దాకా లారీల మధ్య బైకు తోలడం ఈ నడకంతటి కంటే ప్రమాదం. బస్సో ఆటోనో ఎక్కండి, లేకపోతే నిద్రపోయి వచ్చిన వాళ్ళనెవరినైనా రమ్మనండి. చేరాక గోరువెచ్చటి నీళ్ళలో గుప్పెడు ఉప్పు వేసి మీరు పావుగంట కాళ్ళు పెట్టుకోవచ్చు. అమ్మగారికి నానబెట్టడం వద్దు, కడిగి, ఆరబెట్టి, వేళ్ళ సందులు అద్దంలో చూడండి. రెండు రోజులు పొద్దునా సాయంత్రం అలా చూడాలి. ఎర్రదనం పాకుతున్నా, చీము కనిపించినా, మూత్రం టీ రంగులో వచ్చినా అదే రోజు డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.